ఐతారం ఎద్దు

ఎద్దు ఒక్కటే ఉంటె దానితోని ఎవుసం గాదు. ఎవుసం జేసినోళ్ళకు ఇది చెప్పే పని లేదు, టౌనుల పుట్టినోళ్ళ కోసం చెప్తున్న. నాగలికైనా, విత్తనం పెట్టే గొర్రుకైనా కాడి ఉంటది. కాడికి రెండు మెడలు గావాలె. ఒక దిక్కు మెడ లేకపోతె కాడి నేల మీద పడ్తది, అంతే.

మా అత్తమామలు పోయినంక అన్నదమ్ములు ఏరువడ్డరు. పెద్దాయన మా బావ, చిన్నాయన మా ఆయన. పొయ్యిలు రెండైనయి, చెల్క రెండు ముక్కలైంది, ఎడ్ల జత గూడ పంచుకున్నరు. కాడికి కుడి దిక్కు నడిచే ఎలపటి ఎద్దు బావకు, ఎడమ దిక్కు నడిచే దాపటి ఎద్దు మాకు. పంచుకున్నరు గాని పని పడ్డప్పుడు ఆ రెంటిని మల్ల ఒక్క కాడికే కట్టాలె. ఈ దినం వాళ్ళ చెల్క, రేపు మా చెల్క. మా దిక్కు లేనోళ్ళంత గట్లనే జేసుకునేది. అన్నదమ్ములకు మాటలు లేకున్నా ఎడ్లకు పొత్తు ఉండేది.

కామారెడ్డి నుంచి తాడ్వాయి దిక్కు పోతుంటె వస్తది మా ఊరు. నేలంత గరుసు. వాన పడ్డ మర్నాడు ఒక్క పూట పదును ఉంటది. ఆ పూట దాటి ఎండ, గాలి తగిల్తె మల్ల రాయి లెక్కనే. ఇది గుర్తుంచుకోండ్రి, నేను చెప్పే కతంత ఆ ఒక్క పూట మీదనే నిలబడ్డది.

మా ఆయనకు దగ్గు పట్టింది. ఊరి మందులు అయినయి, కట్టిన తాయెత్తులు అయినయి. ఆఖరికి మిషను దవఖానకు పోయిండు, శానొద్దులు అక్కడనే ఉన్నడు. సగం ఊపిరి అక్కడ పెట్టి, దేవుణ్ణి వెంటబెట్టుకొని వచ్చిండు. వాగుల బాప్తిస్మం తీసుకున్నడు, నాకు గూడ ఇప్పిచ్చిండు. నిజం చెప్తున్న, ఆ దినం నాకు నీళ్ళ సలి తప్ప ఏం తెల్వలేదు. నమ్మకం తర్వాత వచ్చింది. పని చేసుకుంట చేసుకుంట వచ్చింది.

నాకు సదువు రాదు. పేరు రాస్త, అది గూడ ఒంకర. అందుకని ఆయన నాకు పది ఆజ్ఞలు వేళ్ళ మీద నేర్పిండు. నేను చాట ఒళ్ళె పెట్టుకొని బీడీలు చేస్తుంటె ఆయన ఎదురుంగ గోడకు ఆనుకొని కూసునేది. ఎడమ చెయ్యి చిటికెన వేలు మొదటిది, వేరే దేవుడు వద్దు. దాని పక్క వేలు, బొమ్మకు మొక్కద్దు. నడిమి వేలు, ఉత్తగ దేవుని పేరు తియ్యద్దు. చూపుడు వేలు, విశ్రాంతి దినం, అంటె ఆదివారం, మా ఐతారం. బొటన వేలు, అమ్మానాయన. ఇగ కుడి చేతి బొటన వేలుకు పోవాలె. బీడీ ఆకు మడిచేది, పొడి రాల్చేది, దారం చుట్టేది ఈ వేళ్ళే గద. పని చేసినంతసేపు ఆజ్ఞలు గూడ తిరుగుతుండె. ఎప్పుడన్న కత్తెర తగిలి చూపుడు వేలు తెగితె ఆయన నవ్వేది. "నాలుగోది తప్పినవే," అనేది.

ఆ నాలుగోదాంట్లనే ఎద్దు ఉన్నది. నువ్వు పని చెయ్యద్దు, నీ పిల్లలు చెయ్యద్దు, నీ జీతగాడు చెయ్యద్దు, నీ ఎద్దు గూడ చెయ్యద్దు అని ఉన్నదని ఆయన సదివి చెప్పిండు. ఎద్దు పేరు వినంగనే నాకు ఏమో అయింది. అంత పెద్ద దేవుడు మా కొట్టంల కట్టేసిన ఎద్దును యాది జేసిండు అని. సర్గం, నరకం నాకు అర్థం కాలేదు గాని ఎద్దు మాట అర్థమైంది.

ఆ వారమే ఆయన అన్న దగ్గెరికి పోయి చెప్పిండు, "అన్నా, ఐతారం మా ఎద్దును కట్టను. నీకు దాని బదులు వేరే దినం ఎక్కువ ఇస్త."

మా బావ చుట్ట నోట్లకెల్లి తీసి, "ఎద్దును గూడ వాగుల ముంచినవార తమ్మీ?" అన్నడు.

"ముంచలే అన్నా. దానికి పాపం లేదు. విశ్రాంతి మటుకే."

"అయితె నాకు గూడ గదే ఇప్పియ్యి. పాపం నా దగ్గెర ఉండనీ, విశ్రాంతి మటుకు ఇప్పియ్యి."

ఇద్దరు నవ్వుకున్నరు. మా బావ అట్లాంటోడు. మా దేవుడు ఆయనకు పట్టలేదు, గాని తమ్ముడు పట్టిండు. ఇగ అప్పటి సంది ఊర్లె మా ఎద్దుకు ఐతారం ఎద్దు అని పేరు పడ్డది. చెర్ల కాడ నీళ్ళు తాపుతుంటె పిల్లలు గూడ, "అదో, ఐతారం ఎద్దు వస్తున్నది, దండం పెట్టుండ్రి," అని ఎకసెక్కాలు. ఎద్దు గూడ మరిగింది. ఐతారం పొద్దుగాల మా గుడి గంట కొడ్తె లేవకపొయ్యేది. పండుకొని నెమరేసుకుంట ఉండేది.

ఆయన ఎక్కువ కాలం బతకలే. పొయ్యే ముందర నా బిడ్డ నా సంకల ఉన్నది, ఇంకా పాలు తాగుతున్నది. నన్ను దగ్గెరికి పిలిచి రెండు మాటలు చెప్పిండు. "ఐతారం నాడు ఎద్దు మెడ మీద కాడి పడనియ్యకు. ప్రభువు బల్లకు దూరం గాకు." బల్ల అంటె రొట్టె, ద్రాక్షరసం ఇస్తరు గద గుళ్ళె, గదే. అది నెలకొక ఐతారం, కామారెడ్డి నుంచి అయ్యగారు వచ్చినప్పుడు. గంతే, రెండే మాటలు. బిడ్డను సదివియ్యమనలే, ఇల్లు కాపాడుకొమ్మనలే. నేను ఆయన చెయ్యి పట్టుకొని సరే అన్న. మా బావ పక్కనే నిలబడి ఉండె. ఆయన గూడ విన్నడు.

మట్టి ఇచ్చే కాడ మా బావ తల దిక్కు మోసిండు. మా మతం పాట పాడుతుంటె తువ్వాల మూతికి అడ్డం పెట్టుకొని నిలబడ్డడు. అయినంక ఒక్కటే అన్నడు. "ఎద్దు పొత్తు గట్లనే ఉంటది. నా తమ్ముడు పోయిండు గాని కాడి పోలేదు."

ఇంత మంచిగ ఉండె. మంచిగ ఉండె గాబట్టే చెప్తున్న.

ఆ తర్వాత వానలు బందైనయి. ఒక యేడు విత్తినయి మొలిచి ఎండినయి. మల్ల యేడు మిరుగం కార్తె వచ్చింది, పోయింది, మబ్బులు మెదక్ దిక్కు పోతుండె గాని మా మీద పడకపోతుండె. బావుల అడుగు రాళ్ళు కనబడ్డయి. నేను బీడీలు చేసుకుంట బిడ్డను పెంచుతున్న. బావ ఇంట్లె చిన్న పోరగాండ్లున్నా పొయ్యి ఒక పూటనే వెలుగుతుండె. మా అక్క, అంటె బావ పెండ్లాము, నా ఏరాలు, మా ఇంటికి వచ్చి ఆకు కత్తిరించుకుంట కూసునేది. "చెల్లె, నీ దేవునికి చెప్పరాదె, ఒక్క వాన," అనేది. ఎకసెక్కం గాదు, నిజంగనే అనేది.

శనివారం పొద్దుగూకే యాల్లకు వాన పడ్డది. దుమ్ము వాసన లేసింది. అందరం బయటికి ఉరికినం. అక్క నా బిడ్డను ఎత్తుకొని వానల తిరిగింది. బావ అరుగు మీద నిలబడి చెయ్యి చాపి నీళ్ళు పట్టుకొని ముఖం కడుక్కున్నడు. నేను గూడ నవ్విన. ఇంట్లకు వచ్చి తడి బట్టలు పిండుతుంటె యాదికొచ్చింది, రేపు ఐతారం.

తెల్లారంగనే బావ వచ్చిండు. మా దిక్కు తమ్ముని పెండ్లాము బావ ముందర నిలబడది. కొంగు కప్పుకొని తలుపు ఎన్క నుంచి మాట్లాడాలె. ఆయన వాకిట్ల, నేను తలుపు ఎన్క.

"ఎద్దును ఇడువు పిల్లా. పొద్దెక్కక ముందే గొర్రు పట్టాలె."

నేను తలుపు రెక్క పట్టుకున్న.

"ఇంటున్నవా? గాలి తిరిగింది. మద్దినాలకు నేల గట్టిపడ్తది."

"బావా, ఐతారం."

"నాకు ఎరికనే ఐతారం. నేను గుడ్డోణ్ణా? వాన ఐతారం అడిగి పడ్డదా? రెండేండ్లకు పడ్డది."

"ఆయనకు మాటిచ్చిన. నీ ముందరనే ఇచ్చిన."

ఆయన కొట్టం దిక్కు తిరిగిండు. ఎద్దు కొట్టం వాకిట్లనే ఉండె. పలుపు ఇప్పుకొని పోతె నేనేం జేస్త? ఆపుతనా? పోలే. "నా తమ్ముడు ఉంటె వాడే ఇప్పి ఇచ్చేటోడు," అన్నడు. "వాడు మనిషి. నువ్వు రాయివి." పోయిండు.

తర్వాత అక్క వచ్చింది, లోపటికి. నా కాళ్ళ కాడ కూసుంది. పెద్దది, నా కాళ్ళ కాడ. "నీ చెల్క గూడ మా ఎద్దుతోనే విత్తుతం గదనె. ముందు మాది, ఎన్కనే నీది. నీ బిడ్డ ముఖం చూడు." నేను బిడ్డ ముఖం చూసిన. అదే చూడొద్దనుకున్న, చూసిన. అయినా కాదన్న. నాకు అప్పుడు విశ్వాసం ఎంతుండెనో నేను చెప్పలేను. భయం ఉండె. సచ్చినోనికి ఇచ్చిన మాట, సచ్చినోడు ఇంటున్నట్టే ఉంటది. నువ్వు తప్పినవంటె వాపసు అడుక్కునేతందుకు మనిషి లేడు.

తెల్లచీర కట్టుకొని, బిడ్డను ఎత్తుకొని గుడికి పోయిన. మా గుడి గూనపెంకల ఇల్లు, ఊరి చివర మిట్ట మీద. దాని కిందనే బావ చెల్క. లోపట సంఘ పెద్ద సదువుతుండె. ఆయనకు అప్పటికే ఎవరో చెప్పిండ్రు. సదువుడు ఆపి, "మన చెల్లెమ్మ ఈ దినం ఎద్దును ఇయ్యలేదు. ఆజ్ఞను కాపాడింది. గిట్లాంటి విశ్వాసం గావాలె మనకు," అన్నడు. అందరు నా దిక్కు తిరిగిండ్రు. ఒకామె నా మోకాలు మీద చెయ్యి పెట్టింది. నాకు లోపల సంబురమే అయింది, అబద్ధమెందుకు.

గప్పుడు కింద నుంచి బావ గొంతు ఇనొచ్చింది. "హో... హై... జరుగు జరుగు." ఎద్దును అదిలించే పిలుపు. ఎద్దు ఒక్కటే ఉండె గద, ఏంది పిలుస్తున్నడు అని కిటికీల నుంచి చూసిన.

కాడికి ఎలపటి దిక్కు వాళ్ళ ఎద్దు ఉన్నది. దాపటి దిక్కు అక్క ఉన్నది. చీర కచ్చపోసుకొని, కాడి భుజానికి ఎత్తుకొని, రెండు చేతులతోని పట్టుకొని గుంజుతున్నది. ఎద్దు ఒక అడుగేస్తె అక్క మూడు అడుగులు ఉరుకుతున్నది. బావ ఒక చెయ్యితోని గొర్రు పట్టి, ఒక చెయ్యితోని విత్తులు పోస్తున్నడు. అక్క ఒకసారి మోకాళ్ళ మీద పడ్డది. ఎద్దు ఆగలే. కాడి ఆమెను ఈడ్చింది.

నేను లేసిన. పక్కనామె ఒళ్ళె బిడ్డను పెట్టిన. సంఘ పెద్ద, "ఎక్కడికి చెల్లెమ్మా, ప్రార్థన ఇంకా అయిపోలే," అంటనే ఉన్నడు.

మిట్ట దిగి చెల్కలకు పోయిన. కాళ్ళు మట్టిల దిగుతున్నయి. అక్క నన్ను చూసింది. ముఖమంత మట్టి. "పోయే, నీ పూజ చూసుకోపో," అన్నది. ఊపిరి ఆడుతలేదు ఆమెకు.

"జరుగు అక్కా."

"ఎద్దును తెచ్చినవా?"

"తేలే. జరుగు."

కాడి కిందికెల్లి ఆమెను తప్పించి నేను దూరిన. నా లెక్క ఏంటంటె గిది. ఎద్దుకు విశ్రాంతి ఇస్తనని మాటిచ్చిన, ఎద్దు పండుకున్నది. నాకు గూడ విశ్రాంతి అని ఆజ్ఞల ఉన్నది, తెలుసు. గాని నాది నేను పోగొట్టుకోవచ్చు. నోరు లేని దానిది నేనెట్ల పోగొడ్త? అంత సక్కగ అప్పుడు అనుకోలే, ఇప్పుడు చెప్పబట్టి మాటలైతున్నయి. అప్పుడు అక్క మోకాళ్ళే కనబడ్డయి.

బావ గొర్రు ఇడిచిపెట్టిండు. ముల్లుగర్ర కింద పారేసి ఒడ్డు మీద పోయి కూసున్నడు, నా దిక్కు ఈపు పెట్టి. "దాన్ని బయటికి రమ్మను," అన్నడు అక్కతోని. నాతోని మాట్లాడలే. "నా తమ్ముని పెండ్లాన్ని కాడికి కట్టి ఎన్క నడుస్తనా? ఊరు నా ముఖం మీద ఉమ్మదా? దీనికంటె ఎద్దును ఇయ్యకపోతె మంచిగుండె. ఇప్పుడు ఏం జేసింది ఇది?"

అక్క నడుమ నిలబడి ఆయన దిక్కు చూస్తది, నా దిక్కు చూస్తది, పైకి పొద్దు దిక్కు చూస్తది. గాలి కొడ్తుండె. విత్తిన సాళ్ళ మీద మట్టి రంగు మారుతున్నది, తడి నలుపు పోయి తెల్లవడ్తున్నది. అది ఆయన గూడ చూసిండు.

"లెవ్వు," అన్నది అక్క. "పదును పోతున్నది, లెవ్వు."

లేసిండు. తువ్వాల ముఖానికి సగం కట్టుకున్నడు. గొర్రు పట్టిండు. అక్క విత్తులు పోసింది. నడిచినం. ఆ దినం నేను ఉన్నంతసేపు బావ ఒక్కసారి గూడ అదిలించలే. హో అనలే, హై అనలే. ఎద్దును అదిలిస్తె నన్ను గూడ అదిలించినట్టే గద. ఎద్దు ఆగితె ఆగేది, ఆయన గూడ నోరు మూసుకొని నిలబడేది. నేను భుజం తోస్తె ఎద్దు కదిలేది. ఎద్దు ఊపిరి నా చెవుల పడ్తుండె, వేడిగ. చెవి పక్కనే ఎద్దు కష్టం ఇంటె ఎట్లుంటదో మీకెట్ల చెప్పాలె. అది రోజు గిదే చేస్తది.

మిట్ట మీద మా సంఘపోళ్ళు బయటికి వచ్చి నిలబడ్డరు. నా బిడ్డ ఏడుపు ఇనబడుతుండె. ఎవరు కిందికి దిగలే.

సగం చెల్క విత్తినం. మిగిలింది గట్టిపడ్డది. నేను కాడి దించినంక బావ నా దిక్కు చూడకుంట అన్నడు, "రేపటి సంది మీ ఎద్దు మీది, మా ఎద్దు మాది. పొత్తు లేదు."

నేను సోమారం పొద్దుగాల ఎద్దును ఇప్పుకొని వాళ్ళ వాకిట్లకు పోయిన. బావ రాలేదు బయటికి. అక్క వచ్చి, "పోవె చెల్లె," అన్నది. ఆమె భుజం వాచి ఉండె. నాది గూడ వాచి ఉండె. ఇద్దరం భుజాలు చూసుకున్నం గాని ఒకరినొకరం అడుగలే.

మల్ల కొన్ని వానలు పడ్డయి. వాళ్ళ జొన్న మొలిచింది. సాళ్ళు ఒంకర మొలిచినయి. ఎడమ దిక్కు బలం తక్కువుంటె గొర్రు ఎడమకే ఒరుగుతది, అన్ని సాళ్ళు ఎడమకు తిరిగినయి. అక్క గుంజిన కాడి సాళ్ళు, నేను గుంజిన కాడి సాళ్ళు, చూస్తె తెలుస్తది ఏ సాలు కాడ మనిషి మారిందో. జొన్న కోసినదాక ఊరంత ఆ బాట మీదికెల్లి పోతనే ఉన్నది. "ఇదేనా ఆడిమనిషి దున్నిన చెల్క?" అని బయటోళ్ళు గూడ అడిగేది. బావ ఊర్లె తల ఎత్తుకోలేకపోయిండు. ఎద్దును అంగడికి కొట్టుకపోయి అమ్మిండు.

మా చెల్క పడావు పడ్డది. ఒక్క ఎద్దుకు జత ఎవరిస్తరు? ఇద్దరు ముగ్గురిని అడిగిన. "ఐతారం ఎద్దు మాకొద్దమ్మా. నీ ఎద్దు పండుకుంటె మా ఆడోళ్ళను కట్టాల్నా?" అన్నరు. నవ్విండ్రు గూడ.

ఇగ గుడి సంగతి. ఆ నెల అయ్యగారు కామారెడ్డి నుంచి సైకిలు మీద వచ్చిండు. బల్లకు ముందర సంఘ పెద్ద నన్ను నిలబెట్టిండు. అయ్యగారు చెడ్డాయన గాదు. మెల్లగనే అడిగిండు.

"ఎద్దునే ఇస్తె అయిపోతుండె గదమ్మా?"

"ఎద్దు మీద మాటుండె అయ్యగారు."

"ఆజ్ఞల ఎద్దు ఒక్కటే లేదు. నువ్వు గూడ ఉన్నవు. ముందు నువ్వే ఉన్నవు."

"ఉన్న. నా పాపం నేను మోస్త. ఎద్దు పాపం ఎద్దు మొయ్యలేదు గద, అది గూడ నా మీదనే పడ్తది. రెండు మొయ్యలేక ఒక్కటి మోసిన."

ఎన్క ఎవరో నవ్విండ్రు. సంఘ పెద్ద, "చూసిండ్రా, తెలివి," అన్నడు. పోయిన ఐతారం ఈయనే నన్ను మెచ్చుకున్నడు.

అయ్యగారు నొసలు రుద్దుకున్నడు. "సరే. విశ్రాంతి దినం తప్పిన, తప్పైంది అని సంఘం ముందర ఒక్క మాట చెప్పు. చెప్పి బల్లకు రా. గంతే."

ఒక్క మాట. నోరు తెరిచిన. అక్క మోకాళ్ళు కనబడ్డయి. తప్పైంది అంటె, ఆమెను కాడి కింద ఇడిచిపెట్టి పాట పాడుకుంట కూసుంటె ఒప్పు అని చెప్పినట్టే గద. తప్పు గాలేదు అంటె, దేవుని మాట మీద నా మాట పెట్టినట్టు. నేను ఏదీ అనలే. కూసున్న. రొట్టె పళ్ళెం వచ్చింది, నన్ను దాటి పోయింది. నెల నెలా గట్లనే దాటిపోయింది. ప్రభువు బల్లకు దూరం గాకు అన్నడు మా ఆయన. పళ్ళెం చెయ్యి అందే దూరంలనే పోతుండె, నేను దూరమైన.

ఎద్దు పనిలేక కొట్టంల ఉండి గడ్డి తింటున్నది. గడ్డి యాడిది? కప్పు మీది గడ్డి గుంజి ఏసిన కొన్నొద్దులు. పెయ్యి బొక్కలు తేలినయి. ఇంట్లె ఎద్దు సస్తె చూస్తనా, అమ్ముతనా అని ఆలోచించి ఎల్లారెడ్డి అంగడికి తోలుకొని పోయిన. దగ్గెరి అంగడికి పోతె మా ఊరోళ్ళు ఉంటరని దూరం పోయిన. దారి పొడుగున ఎద్దు నా ఎన్కనే వచ్చింది, పలుపు గుంజలే.

అంగడిల ఒక ముసలి సాయిబు దలాల్. ఎద్దు పండ్లు చూసిండు, కాళ్ళు చూసిండు, సుడులు చూసిండు. జుక్కల్ దిక్కు నుంచి వచ్చిన రైతు ఒకాయన కొనేతందుకు నిలబడ్డడు, సగం మరాఠీ సగం తెలుగు మాట్లాడుతున్నడు.

"ఐబు ఏమన్న ఉన్నదా అమ్మా?" అన్నడు సాయిబు. "పొడుస్తదా, పండుకుంటదా? ఇప్పుడే చెప్పు, తర్వాత నా గల్ల పట్టుకుంటరు."

కుడి చెయ్యి ఉంగరం వేలు. అబద్ధం చెప్పద్దు. "ఐతారం లేవది," అన్న.

"ఏంది?"

"ఐతారం నాడు కట్టలేదు దాన్ని. మరిగింది. గంట కొడ్తె లేవది."

చుట్టూ ఉన్నోళ్ళు పడి పడి నవ్విండ్రు. సాయిబు గూడ నవ్వి గడ్డం గోక్కున్నడు. "మాకు శుక్రారం జుమ్మా ఉన్నది, నమాజు చదివి మల్ల దుకాణం తెరుస్తం. నీ ఎద్దు మాకంటె పక్కా ఉన్నదమ్మా."

జుక్కల్ రైతు నవ్వలే. ఎద్దు మూపురం మీద చెయ్యేసి, "మా ఊర్లె గంట లేదు," అన్నడు. "లేస్తది."

పలుపు ఆయన చేతుల పెట్టిన. నా మాట అక్కడ ఒడిసింది. ఎద్దు కోసం అక్కను కాదన్న, బావను పోగొట్టుకున్న, చెల్క పడావు పడ్డది. అందుకనే ఎద్దును అమ్మాల్సొచ్చింది. అమ్మినందుకు ఇగ అది ఐతారం గూడ కాడి మోస్తది. మల్ల ఐతారం గుడి గంట ఇనంగనే నేను చెవులు మూసుకున్న. జుక్కల్ ఇక్కడికి ఎంత దూరం, ఏం ఇనొస్తది? అయినా మూసుకున్న.

బిడ్డను తీసుకొని కామారెడ్డి వచ్చిన. బీడీల కార్ఖాన దగ్గెర ఒక అర్ర కిరాయికి తీసుకున్న. ఇక్కడ గుడి పెద్దది, పంకలు తిరుగుతయి, నా సంగతి ఎవరికి తెల్వదు. మొదటి ఐతారమే పళ్ళెం నా ముందర ఆగింది. పట్టుకున్నామె, "తీసుకో అక్కా," అన్నది. తీసుకుంటె అడిగెటోడు లేడు. నేను పక్కామె దిక్కు జరిపిన. అక్కడ చెప్పనిది ఇక్కడ దాచి తినలేకపోయిన. గట్ల యేండ్లు గడిచినయి. బిడ్డ పెరిగింది, పెండ్లి చేసుకొని పోయింది. ఐతారం నాడు చాట ముట్టలే. పక్కింటోళ్ళు, "ఒక్క దినం పని పోగొట్టుకుంటవు, పిచ్చిదానివా?" అనేది. చాట గోడకు ఆనిచ్చి పెట్టి కూసుంటె వేళ్ళు మటుకు ఊరుకునేటియి గావు, ఉత్త ఒళ్ళె తిరుగుతుండె.

ఒకనాడు అక్క వచ్చింది. బావ పోయిండని నాకు మనిషి తోని తెలిసింది గాని నన్ను రమ్మనలే, నేను పోలే. ఇప్పుడు ఆమెకు కడుపుల గడ్డ, కామారెడ్డి దవఖానల చూపిచ్చుకునేతందుకు వచ్చింది. మూట చంకల పెట్టుకొని వాకిట్ల నిలబడి, "ఐతారం పూట వచ్చిన, రానిస్తవా?" అన్నది. గదే గొంతు. నేను ఏడ్సిన.

దవఖానోళ్ళు చేసేదేం లేదన్నరు. నా అర్రలనే ఉన్నది. నేను నీళ్ళు పోసేది, గంజి తాపేది, బట్టలు మార్చేది. ఒక ఐతారం ఒళ్ళు తుడుస్తుంటె, "ఇయ్యాల పని చెయ్యద్దు గదనె నువ్వు?" అన్నది.

"నువ్వు ఎద్దువి గాదు గద అక్కా. నిన్ను ముట్టద్దని ఆజ్ఞల లేదు."

"ఉండాల్సింది. నన్ను గూడ ఎద్దు లెక్క పండుకొమ్మని ఉంటె మంచిగుండె," అని నవ్వింది. నవ్వితె నొప్పి లేసింది, కడుపు పట్టుకుంది, అయినా నవ్వింది.

భుజం తుడుస్తుంటె అప్పటి కాడి మచ్చ ఇంకా ఉన్నది. నా వేలు అక్కడ ఆగింది. ఆమెకు తెలిసింది.

"నీకు ఒకటి చెప్పలే," అన్నది. "ఆ యేడు జొన్న కోసినం గద. నేను రొట్టె చేసి పెట్టిన. మీ బావ తినలే. చేతుల పట్టుకున్నడు, పక్కకు పెట్టిండు. మల్ల దినం పెట్టిన, గట్లనే. ఆ జొన్నలు ఒక్క గింజ గూడ ముట్టలే ఆయన. ఆ యేడంత అంబలి అడుక్కొచ్చుకొని తాగిండు. నేను, పిల్లలు తిన్నం. ఆయన తినలే."

"ఎందుకని అడుగలేదా?"

"అడిగిన. తమ్ముని పెండ్లాము మెడ మీదికెల్లి వచ్చినయి, నాకు దిగవన్నడు."

గుడ్డ పిండిన. నీళ్ళు పారబోసిన. ఆయనకు ఆజ్ఞలు ఎవరు నేర్పలే. వేళ్ళ మీద లెక్కబెట్టలే. నేను రొట్టె ముట్టలేక యేండ్లు కూసుంటె, ఆయన గూడ రొట్టె ముట్టలేక కూసున్నడు అక్కడ. ఇద్దరం ఒక్క పూట పని కోసమే. ఒక్కరికొకరం చెప్పుకోలే.

అక్క ఎక్కువ దినాలు ఉండలే. వాళ్ళ కొడుకులు వచ్చి తీసుకొనిపోయి వాళ్ళ పద్ధతిల దహనం చేసిండ్రు. పాడె మోసేటప్పుడు నేను గూడ భుజం పట్టవోయిన. ఆడోళ్ళు పట్టరన్నరు. ఇడిచిన.

మల్ల ఐతారం గుడికి పోయిన. బల్ల ఉండె ఆ దినం. కొత్త అయ్యగారు, చిన్న పోరడు, నా కత ఎరుగడు. పళ్ళెం వచ్చింది. చిన్న చిన్న ముక్కలు కోసి పెట్టిండ్రు, తెల్లగ. నేను చూసుకుంట ఉన్న. తప్పైందని నేను ఇంకా చెప్పలే. తప్పు గాలేదని గూడ చెప్పలే. అడిగెటోళ్ళు ఒక్కొక్కరు పోయిండ్రు. మా ఆయన పోయిండు, బావ పోయిండు, అక్క పోయింది, ఎద్దు ఎప్పుడో పోయి ఉంటది. చెప్పని మాట మటుకు నా దగ్గెరనే ఉన్నది.

"తీసుకో అవ్వా," అన్నది పక్కపిల్ల.

పళ్ళెం రెండు చేతులతోని పట్టుకున్న. శాన తేలిగ్గ ఉండె. ఆ పిల్ల దిక్కు జరిపిన.